మిద్దె మింద గాలి. రా.

ఆ రోజు పొద్దున ఫోన్ చేసింది మా పెదనాన్న రాఘవులు. వేలూరు బాగాయంలో నా అద్దెగదికి తాళం వేసి కాలేజీకి బయలుదేరబోతున్నాను.

"గౌతమీ, నువ్వు తెలుగు చదివేది నేర్చుకున్నావంట గదమ్మా?"

"నేర్చుకున్నా పెదనాయనా. ఏంది?"

"ఒక చీటీ ఉండాది. చదవల్ల. గుడియాత్తం రా."

"తెలుగులో ఉండాదా చీటీ?"

"మాట తెలుగే. అచ్చరాలు అరవం," అన్నాడు. "నీకు రెండూ తెలుసు గదా. నువ్వే చెప్పల్ల."

మా వాళ్ళందరూ అలాగే రాస్తారు. గుడియాత్తం పక్క పల్లెలో ఎన్ని తరాల నుంచి సేద్యం చేస్తున్నామో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. పెళ్ళిపాటలు రాసుకున్నా, సామాన్ల చీటీ రాసినా మాట మాదే, అక్షరం వాళ్ళది. ఇరవై రెండేళ్ళ దాకా నేనూ అంతే. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కినదాన్ని నేనే మొదలు. వేలూరులో ఎం.ఏ. చదువుతున్నప్పుడు పాత కథల మీద ప్రాజెక్టు రాయాల్సి వచ్చి, మా అవ్వ చెప్పిన కథలు ఉన్నవి ఉన్నట్టు రాసుకోవడానికి ఒకటో తరగతి వాచకం కొని తెలుగు అక్షరాలు దిద్దుకున్నాను.

ఆ ప్రాజెక్టు మొగుడూ పెళ్ళాల మధ్య అనుమానం గురించి. అందులో మా గంగమ్మ కథ ఉంది. ముని భార్య పచ్చిమట్టి కుండతో ఏటి నీళ్ళు తెచ్చేది. ఒకరోజు ఆకాశంలో పోతున్న ఎవడిదో నీడ నీళ్ళలో పడితే చూసింది. కుండ కరిగిపోయింది. ముని కొడుకుని పిలిచి ఆమె తల నరకమన్నాడు. దానికి పక్కనే ఒక గ్రీకు కథ పెట్టాను. వేటగాడొకడు అలసిపోయి చెట్టుకింద పడుకుని "రా, రా" అని గాలిని పిలుస్తుంటాడు. విన్నవాడెవడో పోయి భార్యకు చెబుతాడు. గాలి పేరు ఆడమనిషి పేరులా ఉండడంతో ఆమె అనుమానపడి పొదలో దాక్కుంటుంది. ఆకులు కదిలితే జంతువు అనుకుని అతను ఈటె విసురుతాడు. తరవాతి కాలం కథ కూడా ఒకటి రాశాను. భార్యకు ఇంట్లోని తాళాలన్నీ ఇచ్చి, ఒక్క గది మాత్రం తెరవొద్దన్న మొగుడి కథ.

మా గైడు జెన్సి మేడమ్ గ్రీకు కథ పక్కన పెన్సిలుతో రాసింది: "ఆమె భర్తను నేరుగా అడిగి ఉండవచ్చు కదా? ఎందుకు అడగలేదు?" నాకు జవాబు తోచలేదు. ఏదో రెండు లైన్లు రాసి మార్కులు తెచ్చుకున్నాను.

గుడియాత్తంలో మాత్రం అడిగారు. జవాబు కూడా వచ్చింది.

*

సురేఖ మా పెదనాన్న కూతురు. నాకంటే ఏడేళ్ళు పెద్ద. పదో తరగతి వరకు చదివింది. మొగుడు ధనశేఖర్ జోలార్పేట స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. బావ తాగడు, కొట్టడు. డ్యూటీ దిగి వచ్చేటప్పుడు మల్లెపూలు తెస్తాడు. కానీ కూరగాయల బండివాడితో అక్క ఎక్కువసేపు మాట్లాడితే "ఏంది, వంకాయకు ఇంత కథా?" అంటాడు. మేము నవ్వేవాళ్ళం. అక్క కూడా నవ్వేది. పెళ్ళాం మీద ప్రేమ ఉన్నవాడికి ఆ మాత్రం ఉంటుందిలే అనుకునేవాళ్ళం.

వాళ్ళ ఇల్లు కిందా పైనా. పైన బాడుగకు ఇస్తారు. పోయిన ఏప్రిల్‌లో పైవాళ్ళు ఖాళీ చేసి పోయారు. ఆగస్టు దాకా ఎవరూ రాలేదు. కొత్తవాళ్ళు వస్తున్నారని మిద్దె కడిగేటప్పుడు అక్కడ మూలకు పెట్టిన చాపలు దులిపారు. ఒక చాపలోంచి చీటీ పడింది. బావ చేతికి దొరికింది. అక్క చేతిరాత.

నేను వెళ్ళేసరికి అందరూ హాల్లో కూర్చుని ఉన్నారు. పెదనాన్న, బావ వాళ్ళమ్మ సరసమ్మ, బావ మేనమామ వరదప్ప. వరదప్ప మామ బంధువుల తగువులు నాలుగు తీర్చినవాడు, ఆయనకే కుర్చీ వేశారు. అక్క వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. నన్ను చూసి "కాఫీ తాగుతావా?" అంది, నేను మామూలుగా వచ్చినట్టు.

"కాఫీ తరవాత," అన్నాడు వరదప్ప మామ. "ముందు చదవనీ."

బావ చొక్కా జేబులోంచి రైల్వే గుర్తింపు కార్డు కవరు తీశాడు. కార్డు ముందు చీటీ పెట్టుకున్నాడు. కవరుతోనే ఇచ్చాడు. కవరులోంచి తీయనివ్వలేదు. రోజూ చింపే క్యాలెండరు కాగితం ముక్క. అచ్చు ఉన్న వైపు కార్డుకి ఆనుకుని ఉంది, రాత నా వైపు ఉంది. నీలం పెన్నుతో ఒకటే లైను.

నేను పైకి చదివాను. "మిద్దె మింద..." అని ఆగాను.

"ఆ. మిద్దె మింద ఏంది?" అన్నాడు బావ. "ఆపినావేంది?"

తమిళంలో క అన్నా గ అన్నా ఖ అన్నా ఒకటే అక్షరం. ముందూ వెనకా చూసి మనమే పలుక్కోవాలి. ఖాళీని మా వైపు ఖాలీ అంటాం, రాసేటప్పుడు చివర దీర్ఘం కూడా పెట్టం. 'గాలి' అని రాసినా 'ఖాలీ' అని రాసినా కాగితం మీద అచ్చం ఒకేలా ఉంటాయి. అది నాకు చదవగానే అర్థమైంది. అదే మాట వాళ్ళకు చెప్పాను.

"అంటే?" అన్నాడు వరదప్ప మామ.

"మిద్దె మింద గాలి, రా, అని ఒకటి మామా. మిద్దె మింద ఖాలీ, రా, అని ఇంకొకటి."

"రెండూ అవుతాదా?"

"అవుతాది."

"నేను చెప్పినా గదా," అంది అక్క. "కత్తిరి ఎండలు. కరెంటు లేదు. వీండ్లు రాత్రి డ్యూటీ చేసి వచ్చి కింద పండుకోనుండారు, చెమట కారతా ఉండాది. నేను పైకి పోతే ఏటి పక్కనుంచి గాలి వస్తా ఉండాది. నిద్ర లేపితే కోపమొస్తాదని చీటీ రాసి చాప పక్కన పెట్టినా. లేచి చూసుకుని పైకి వస్తారని."

"నేను చూళ్ళే," అన్నాడు బావ. "నా చేతికే రాలే ఆ చీటీ. నాకు రాసింది అయితే నాకెందుకు చేరలే?"

"నువ్... మీరే చాప చుట్టి పెట్టింటారు, చూడకుండా."

బావ ఆమె వైపు చూడలేదు. నా వైపు తిరిగాడు. "గౌతమీ. నువ్వు చదువుకున్నదానివి. అబద్ధం చెప్పవు. ఖాలీ అని చదివేకి అవుతాదా, కాదా? ఆ ఒక్కటి చెప్పు."

"అవుతాది బావా. అయితే గాలి అని కూడా..."

"అవుతాది అనింది. విన్నారు గదా. ఎం.ఏ. చదివింది. మా పక్కం పిల్ల కూడా కాదు, వాండ్ల పిల్లే."

పెదనాన్న నన్ను చూశాడు. ఆ చూపులో ఏముందో అప్పుడు నేను పట్టించుకోలేదు. ఉన్నమాట చెప్పాను, అంతే కదా అనుకున్నాను.

"ఎవురికి రాసిందంటావు మరి?" అని పెదనాన్న బావను అడిగాడు. "ఒక పేరు చెప్పప్పా. ఎవుడు? పోయి అడుగుదాం."

"పేరు నాకెట్ల తెలుస్తాది? పేరు తెలిసింటే ఇట్ల కూర్చోనుందునా?"

అప్పటిదాకా తమలపాకు నములుతూ ఉన్న సరసమ్మత్త నోరు తుడుచుకుంది. "గాలో ఖాలీనో నాకు తెలీదు. నాకు చదువు రాదు. ఆ చివర మాట ఏందో ఇంకోసారి చదువు పాపా."

"రా."

"ఏందీ?"

"రా అని ఉండాది అత్తా."

"చూసుకోండి మల్ల! మొగుణ్ణి పట్టుకుని ఎవుతైనా రా అంటాదా? నేను పన్నెండేండ్లు కాపురం చేసినా. రాండి, పోండి, తినండి. ఆయప్ప పోయినాక పటం ముందర కూడా రాండి అనే మొక్కుతా ఉండా. ఇది ఎవుడో ఈడువాడికి రాసింది. నీళ్ళలో నీడ చూసినందుకే గంగమ్మ తల పొయ్యింది. ఇది చీటీ రాసింది!"

"సరసమ్మా, మాట జారొద్దు," అన్నాడు వరదప్ప మామ, గట్టిగా కాదు.

అక్క గుమ్మం వదిలి రెండడుగులు ముందుకు వచ్చింది. చేతికి ఉన్న పిండి చీర కొంగుకు తుడుచుకుంది. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో నాకు కనబడింది.

"మీ అందరి ముందర రాండి అంటాను. మేమిద్దరమే ఉన్నప్పుడు రా అంటాను."

వరదప్ప మామ తల గోడవైపు తిప్పుకున్నాడు. అక్క బావ ముందు నిలబడింది.

"నువ్వే చెప్పు. నిన్ను నేను ఏమని పిలస్తాను?"

అందరి ముందూ 'నువ్వు' అంది. కావాలనే అంది.

నాకు తెలుసు. రెండేళ్ళ కింద పరీక్షల సెలవుల్లో ఆ ఇంట్లో నాలుగు రోజులు ఉన్నాను. పొద్దున నేను ముందరి గదిలో పడుకుని ఉండగా వంటింట్లోంచి అక్క గొంతు వినిపించింది. "రారా, దోసె ఆరిపోతా ఉండాది." బావ నవ్వాడు. "పో దొరసానీ, వస్తా," అన్నాడు. అంత మెత్తగా ఆయన మాట్లాడగలడని నాకు అప్పటిదాకా తెలియదు.

బావ చెవులు ఎర్రబడ్డాయి. ఒక పక్క తల్లి, ఒక పక్క మేనమామ. పెళ్ళాం చేత 'రా' అనిపించుకునేవాడా అని వాళ్ళు అనుకుంటారని ఆయన భయం. ఆ ఒక్క భయం చాలు.

"రాండి అనే పిలస్తాది," అన్నాడు.

అక్క ఆయన్ని చూస్తూ ఉండిపోయింది. ఏడవలేదు. చీటీ గురించి ఆయన ఏమన్నా ఆమె ఓర్చుకుంది. ఈ మాటకు మాత్రం మొహంలో ఏదో ఆరిపోయింది.

నేను విన్నాను అని చెప్పవలసింది నేను. అక్షరాల సంగతి అంత చక్కగా విడమర్చి చెప్పిన నాకు ఇది చెప్పడానికి నోరు రాలేదు. పెళ్ళికాని పిల్లను, మొగుడూ పెళ్ళాం వంటింట్లో అనుకున్న మాట పెద్దల ముందు ఎలా చెప్పేది అనుకున్నాను. ఎవరైనా అడిగితే చెబుదాం అని కూర్చున్నాను. ఎవరూ అడగలేదు.

ఆ సాయంకాలం పెదనాన్న అక్కను పల్లెకు తీసుకుపోయాడు. వరదప్ప మామ తీర్పు అది. వచ్చే మే నడుమ, తమిళ వైకాశి నెల మొదటి రోజు, గంగమ్మ జాతరలో ఊరేగే అమ్మవారి సిరసు ముందు అక్క కర్పూరం ఆర్పి సత్యం చేయాలి. చేస్తే బావ ఏలుకోవాలి. అప్పటిదాకా పుట్టింట్లో.

అంతకుముందు నన్ను బస్సెక్కించడానికి బస్టాండు దాకా పెదనాన్న నాతో నడిచాడు. మొదటి రోజు కాలేజీలో నన్ను మోపెడ్ మీద దించింది ఆయనే. గేటు దగ్గర "బాగా చదువు, మనలో ఒకరికైనా నాలుగు అచ్చరాలు రానీ" అన్నాడు.

"గాలి అని ఒక్క మాట చెప్పింటే సరిపోయుండు గదమ్మా," అన్నాడు.

"రెండూ అవుతాది పెదనాయనా."

"సరి," అన్నాడు.

*

ఎనిమిది నెలలు అక్క పల్లెలో ఉంది. నేను నెలకొకసారి పోయేదాన్ని. బర్రెల పని, చింతపండు కొట్టే పని, అన్నీ చేసేది. ఊళ్ళోవాళ్ళు అడిగితే "వాండ్లకు డ్యూటీ మారింది" అనేది. నాతో ఒక్కసారే ఆ సంగతి ఎత్తింది.

"ఆ కాలంలో ఆయప్ప నన్ను అడిగేవాడు, నువ్వు నన్ను రా అంటే నాకు ఎట్లా ఉంటాదో తెలుసా అని. ఇంట్లో అందరికీ నేనే పెద్ద, యాడికి పోయినా రాండి రాండి అంటారు, చిన్నప్పటినుంచి ఎవురూ నన్ను రా అని పిలవలే అనేవాడు. నాయన పోయి, పదేండ్ల వయసుకే పెద్దోడు అయిపోయినాడు గదా. అందుకని అనేదాన్ని."

నేను తల వంచుకుని విన్నాను. ఆ 'రా' నేనూ ఒకసారి విన్నదాన్నని చెప్పలేదు.

వైకాశి ఒకటి వచ్చింది. గుడియాత్తంలో ఆ రోజు కాలు పెట్టడానికి చోటుండదు. ముత్యాలమ్మ గుడి నుంచి పొద్దున్నే అమ్మవారి సిరసు బయలుదేరుతుంది. తల ఒక్కటే. పెద్ద కళ్ళు, పూలదండలు. వీధి వీధీ తిరిగి, కౌండిన్య ఏటి ఒడ్డున గంగమ్మ గుడికి చేరాక మొండానికి తగిలిస్తారు. దారంతా టెంకాయలు పగులుతూనే ఉంటాయి. చిన్నప్పుడు నాకు అది పండగ. ఇప్పుడు ఆ మొహం చూస్తే, మొగుడు అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతుండగానే తల పోయినట్టు అనిపించింది.

బావ వాళ్ళ వీధి మూలలో మేము నిలబడ్డాం. సరసమ్మత్త ఇత్తడి తట్టలో కర్పూరం పెట్టింది. వరదప్ప మామ, "ధనా, ఆ చీటీ కూడా తీయి. కర్పూరంతో కాలిపోనీ. ఇంతటితో వదిలిపెట్టు," అన్నాడు.

బావ కవరులోంచి చీటీ బయటికి తీశాడు. మొదటిసారి దాని అచ్చు వైపు చూశాను. మే 6, మంగళవారం.

"బావా, ఒక్క నిమిషం," అన్నాను. "ఆరో తేదీ కాగితం. ఏడో తేదీ పొద్దున చింపింటాది. ఏడో తేదీ పొద్దున నువ్వు యాడ ఉన్నావు?"

బావ ఆలోచించాడు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు, ఒక్కసారి తప్ప. "ఆ వారమంతా నైట్ డ్యూటీ," అన్నాడు. "పొద్దున వచ్చి పండుకున్నాను."

"అక్క చెప్పింది అదే గదా! కింద పండుకోనుండావు. చాప పక్కన చీటీ. నువ్వే లేచి చాప చుట్టినావు. ఆ చాప తరవాత పైకి పోయింది."

ఆయన మొహం ఒక్క క్షణం తేటపడింది. నేను చూశాను. పెదనాన్న కూడా చూశాడు, నా భుజం మీద చెయ్యి వేశాడు. తరవాత బావ చీటీని రెండు వైపులా తిప్పి చూసుకున్నాడు.

"మే నెల కాగితం జూన్‌లో రాసేకి అవుతాదా కాదా?"

ఈసారైనా కాదు అనాలని గొంతు దాకా వచ్చింది. మా ఇళ్ళలో చింపిన కాగితాలు మేకుకు గుచ్చి పెట్టుకుంటాం. సామాన్ల చీటీలు రాయడానికి ఏడాదంతా పనికొస్తాయి. ఆయనకు తెలుసు. నాకూ తెలుసు.

"అవుతాది," అన్నాను. వెంటనే, "కానీ బావా, అక్క నిన్ను రా అనేది నేను విన్నాను. మీ ఇంట్లోనే. దోసె ఆరిపోతా ఉండాది అనింది. నువ్వు నవ్వినావు," అని గబగబా అనేశాను.

మేళం దగ్గరికి వచ్చేసింది. ఆయన నా చెవి దగ్గరకు వంగి అడిగాడు, ఇంకెవరికీ వినపడకుండా.

"ఆ రోజు ఏంటికి చెప్పలే? ఇప్పుడు మీ అక్క చెప్పమనిందా?"

సిరసు మా ముందుకు వచ్చింది. అందరూ చేతులెత్తారు. అక్క తట్టలో వెలుగుతున్న కర్పూరం ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "నేను రాసింది గాలి. రాసింది నా మొగుడికే. సత్యం," అని అరచేత్తో కొట్టి ఆర్పింది. రెండోసారి కొట్టాల్సి వచ్చింది, మొదటిసారి ఆరలేదు. సరసమ్మత్త అది చూసి పెదవి విరిచింది.

బావ చీటీని కర్పూరంలో వేయలేదు. ఆరిపోయింది కదా అన్నాడు. మళ్ళీ కవరులో పెట్టుకున్నాడు. అక్కను మాత్రం ఇంటికి తీసుకుపోయాడు.

*

జూన్ చివర ఒక ఆదివారం పోయాను. మల్లెపూలు కొని తీసుకుపోయాను. ఇల్లు బయటినుంచి ఏమీ మారలేదు. లోపల మిద్దె మెట్లకు ఇనుప గేటు పెట్టించారు. దానికి తాళం.

"పైవాళ్ళు?"

"పంపించేసినారు. ఆగస్టులో వచ్చినోళ్ళే. వాళ్ళ ఇంట్లో మగపిల్లోడు కాలేజీ చదవతా ఉండాడు గదా, అందుకు." అక్క హాల్లో చేటలో బియ్యం చెరుగుతూ చెప్పింది. పక్కనే నేతవాళ్ళ మగ్గాల ఇల్లు ఆనుకుని ఉంది, కింద పెద్దగా గాలి ఆడదు, ఫ్యాను తిరుగుతూ ఉన్నా ఆమె జాకెట్టు వీపంతా తడిసి ఉంది.

"పైన ఆరబెట్టుకునేకి?"

"గేటు తాళం అత్త దగ్గర ఉండాది. అడిగితే తీస్తాది. ఆమె కూడా వచ్చి నిలబడతాది." ఆమె ఏ కోపమూ లేకుండా చెప్పింది. "నువ్వు ఏందో కథ రాసినావు గదా, ఒక గదికి తాళం వేసేవాడు. అందులో ఏముంటాది చివరికి?"

"ముందు పెళ్ళాల శవాలు."

"ఇందులో ఏమీ లేదు. ఖాలీ," అని నవ్వింది. అక్క నవ్వడం ఆ రోజు అదొక్కసారే.

గోడమీద రోజూ చింపే క్యాలెండరు ఉండే మేకుకు నెలవారీ క్యాలెండరు వేలాడుతోంది. చింపడానికి కాగితాలు లేవు. పెన్ను ఎక్కడా కనబడలేదు.

"సత్యం చేసినావు గదా. ఇంకా అడగతాడా?"

"దినమూ కాదు. భోజనం చేస్తా చేస్తా ఆపి, ఆ రోజు పైన ఎంతసేపు ఉంటివి అంటాడు. ఒకసారి పండుకోనుండి లేచి, నువ్వు సత్యం చేసేటప్పుడు నోటితో గాలి అంటివి గాని మనసులో ఏమనుకుంటివి అన్నాడు. దానికి ఏం చెప్పేది నేను? మనసులో ఉండేదానికి ఏ అచ్చరం పెట్టి చూపించేది?"

జెన్సి మేడమ్ పెన్సిలుతో రాసిన ప్రశ్న గుర్తొచ్చింది. ఆమెకు ఫోన్ చేసి, అడిగినా లాభం లేదు మేడమ్ అని చెప్పాలనిపించింది. చెప్పలేదు. చెబితే మాత్రం ఆమె ఏం చేస్తుంది?

నాకు చేతనైనది ఒకటే ఉంది. అది చేద్దామనుకున్నాను. "అక్కా, తెలుగు అక్షరాలు నేర్పిస్తాను. నెల రోజులు చాలు. ఇంకెప్పుడూ ఇట్లాంటిది రాదు. గ వేరే, ఖ వేరే."

ఆమె చెరగడం ఆపింది. నేను చేట నా వైపు తిప్పుకుని, బియ్యం చదును చేసి, వేలితో 'గ' రాశాను. పక్కన 'ఖ' రాశాను. ఆమె వంగి చూసింది. 'గ' మీద వేలు ఆడించింది, బియ్యం చెదరకుండా, పైపైనే.

"రెండూ వేరే వేరేగా ఉండాయి," అంది.

"అవును."

"ఇంత చిన్న సంగతి." ఇంకొంచెంసేపు చూసింది. "వద్దులేమ్మా."

"ఏంటికి?"

"ఇప్పుడు నేర్చుకుంటే, ఎవురికి రాసేకి నేర్చుకుంటా ఉండావు అంటాడు."

బయట గేటు చప్పుడైంది. జోలార్పేట బండి వచ్చే వేళ. అక్క చేట చేతిలోకి తీసుకుని ఒక్కసారి ఎగరేసింది. రెండు అక్షరాలూ బియ్యంలో కలిసిపోయాయి. లేచి, తడిసిన వీపు మీదికి కొంగు లాక్కుని, తలుపు దగ్గరకు పోయింది. సరసమ్మత్త గుడికి పోయింది. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు, నేను హాలు మూలలో ఉన్నానని బావకు ఇంకా తెలియదు. వాకిట్లో వాళ్ళిద్దరే.

ఆయన చెప్పులు విడుస్తూ తల ఎత్తాడు. ఆ మాట కోసం ఆగినట్టే ఒక్క క్షణం ఆగాడు. అది నేను చూశాను.

"వచ్చినారా," అంది అక్క. "రాండి."